యోహాన్ పాల్మ్‌స్ట్రుక్ — ఐరోపాఖండమున తొలి నోటును వెలయించినవాడు

మనము దినదినమును చేతులు మార్చుకొను నోటు ఒక చిన్న కాగితపు ముక్క. అది తినుటకు పనికిరాదు, కట్టుటకు పనికిరాదు, కరగించిన లోహమును రాదు. అయినను అంగడిలో దానిని చూపినంతనే బియ్యము వచ్చును, వస్త్రము వచ్చును, విద్యార్థికి పుస్తకము వచ్చును. వెండి బంగారములకు సహజముగ నున్న విలువ ఈ కాగితమున కెట్లు కలిగెను? దీనికి ప్రత్యుత్తరము వెదకువారు మూడున్నర శతాబ్దములకు పూర్వము స్వీడను దేశపు రాజధానియగు స్టాకుహోము పట్టణమున నెలకొల్పబడిన యొక బ్యాంకు చరిత్రమును తెలిసికొనవలెను. ఆ బ్యాంకును స్థాపించి, ఐరోపాఖండమున మొట్టమొదట కాగితపు ధనమును చలామణిలోనికి తెచ్చి, అందువలననే కీర్తిని కారాగారమును గూడ పొందిన యోహాన్ పాల్మ్‌స్ట్రుక్ జీవితమును మేము సంగ్రహముగ నిచట వివరింపబూనితిమి.

ఇతడు 1611వ సంవత్సరమున బాల్టికు సముద్రతీరము నందలి రీగా పట్టణమున జన్మించెను. ఇతని మొదటి యింటిపేరు విట్మాకర్. తండ్రి డచ్చి సంతతికి జెందిన వర్తకుడు. రీగా అప్పుడు పోలండు రాజ్యమునకు లోబడియుండెను. ఇతనికి పదియేండ్లు నిండిన 1621లో స్వీడను రాజు దానిని జయించెను. యువకుడై యితడు 1635 ప్రాంతమున ఆమ్‌స్టర్‌డాము నగరమునకేగి వర్తకము ప్రారంభించెను. ఆ కాలమున ప్రపంచ వాణిజ్యమునకు ఆ నగరము కూడలి. 1609లో అచట స్థాపింపబడిన మారకపు బ్యాంకునందు వర్తకులు తమ రొక్కమును నిలువయుంచి, ఒకరికొకరు చెల్లింపవలసిన సొమ్మును లెక్కలలో మాత్రమే మార్చుకొనుచుండిరి. సంచులు మోయనక్కరలేదు, నాణెములు తూచనక్కరలేదు. ఈ పద్ధతిని మన యువకుడు కన్నులార జూచెను. కాని యతని వర్తకము సాగలేదు. అప్పులు తీర్చలేక దివాలా తీసి, 1639లో ఋణగ్రస్తుడై చెరసాల పాలయ్యెను. పిమ్మట విడుదలనొంది, 1647లో తన యదృష్టమును వెదకికొనుచు స్టాకుహోమునకు చేరెను.

అప్పటి స్వీడను దేశమున ధనము ఎట్లుండెనో తెలిసికొనిననేగాని యితడు చేసిన పని యొక్క గొప్పతనము మనకు బోధపడదు. ఆ దేశమున వెండి మిక్కిలి తక్కువ, రాగి మిక్కిలి ఎక్కువ. ఫాలున్ పట్టణము చెంతనున్న గొప్ప గనినుండి తీసిన రాగి ఐరోపా యంతటికిని ఎగుమతి యగుచుండెను. రాగిని నాణెములుగ వాడినచో విదేశములలో దాని ధర నిలుచునని తలచి ప్రభుత్వమువారు రాగి నాణెములను ముద్రింపసాగిరి. అయితే రాగి వెండికంటె ఎంతో చౌక. కావున వెండి నాణెమునకు సమమగు రాగి నాణెము ఎన్నోరెట్లు బరువుగ నుండక తప్పదు. 1644లో క్రిస్టినా రాణి పరిపాలనమున పది డాలర్ల నాణెమొకటి వెలువడెను. అది గుండ్రని బిళ్ల గాదు. నాలుగు మూలలను నడుమను ముద్రలు వేసిన దీర్ఘచతురస్రపు రాగి పలక. దాని బరువు దాదాపు 20 కిలోలు! నేడు అంగళ్లలో అమ్ము 25 కిలోల బియ్యపు మూటకంటె అది కొంచెమే తక్కువ. తరువాత ముద్రించిన చిన్న పలకలు సైతము బరువైనవే. పన్ను చెల్లింపబోవువాడు బండి కట్టవలెను. పెద్ద మొత్తమును దొంగిలింపబోవు దొంగకును బండి కావలెను.

ఇట్టి దేశమునకు ఆమ్‌స్టర్‌డాము పద్ధతిని చూచిన మనుష్యుడు వచ్చుట విశేషము. ఇతడు వాణిజ్య వ్యవహారములను విచారించు ప్రభుత్వ సంఘమున ఉద్యోగము సంపాదించి, తన తెలివితేటలచేత పెద్దల మెప్పువడసెను. 1651లో ఇతనికి కులీన పదవి లభించెను. నాటినుండియే పాల్మ్‌స్ట్రుక్ అను పేరు ఇతనికి కలిగెను. బ్యాంకు స్థాపనను గూర్చి యితడు ప్రభుత్వమునకు సమర్పించిన తొలి ప్రణాళిక తిరస్కరింపబడెను. అయినను ఇతడు విసుగుచెందక మరల ప్రయత్నించెను. ఎట్టకేలకు 1656 నవంబరు 30వ తేదీన పదియవ చార్లెసు గుస్తావు రాజు ఇతనికి అనుజ్ఞాపత్రమును దయచేసెను. లాభములో సగపాలు పైవారికి చెల్లవలెనని నియమమేర్పడెను. మరుసటి సంవత్సరమున స్టాకుహోము బ్యాంకు తలుపులు తెరువబడెను. దానికి అధిపతి పాల్మ్‌స్ట్రుక్.

ఈ బ్యాంకునకు రెండు శాఖలు గలవు. ఒకటి మారకపు శాఖ: ప్రజలు తమ రాగి పలకలను తెచ్చి అచట నిలువయుంచి, కావలసినప్పుడు తిరిగి తీసికొనవచ్చును. రెండవది అప్పుల శాఖ: భూములు, ఇండ్లు, సరకులు మున్నగువానిని తాకట్టుంచుకొని వడ్డీకి సొమ్మిచ్చును. ఆమ్‌స్టర్‌డాము బ్యాంకు నిలువయుంచిన సొమ్మును దాచియుంచుటయే తన ముఖ్యధర్మమని యెంచుకొనెను. పాల్మ్‌స్ట్రుక్ యొక్క క్రొత్తదనమేమనగా, మారకపు శాఖలో చేరిన సొమ్మును అప్పుల శాఖనుండి బయటికి పంపుట. నేటి బ్యాంకులన్నియు చేయుపని యిదియే. కావున దానిని తప్పుగ నెంచరాదు. కాని యిందొక చిక్కు గలదు. నిలువయుంచినవాడు రేపే వచ్చి తన సొమ్ము నడుగవచ్చును. అప్పు తీసికొన్నవాడు ఏండ్లు గడచినగాని తీర్చడు. నూతి నీరు తోడిన కొలది ఊరునుగాని, ఊరంతయు ఒక్కమారుగ చేదలు వేసినచో అడుగు కనబడును. బ్యాంకు సంగతియు నట్టిదే.

ఆ దినము త్వరలోనే వచ్చెను. 1660 ఫిబ్రవరిలో రాజు మరణించెను. అతని కుమారుడగు పదునొకండవ చార్లెసు నాలుగేండ్ల బాలుడగుటచే రాజ్యభారము ప్రభువుల సంఘము చేతిలో బడెను. ఆ సంవత్సరముననే ప్రభుత్వము క్రొత్త రాగి పలకలను పూర్వముకంటె సుమారు ఆరవవంతు తక్కువ బరువుతో ముద్రించెను. పేరున పాతదియు క్రొత్తదియు ఒకటే. లోహమున మాత్రము పాతది ఎక్కువ. ఇట్టి సమయమున ప్రజలేమి చేయుదురు? బ్యాంకులో తాము దాచిన పాత పలకలు తమకు తిరిగి కావలెనని అందరును ఒక్కపెట్టున వచ్చి నిలిచిరి. ఆ పలకలో, అప్పులుగ బయటికి పోయియుండెను. తాకట్టు పత్రములు పెట్టెలో గలవు; రాగి లేదు.

ఇట్టి సంకటమున సామాన్యుడైనచో మరల పారిపోయియుండును. పాల్మ్‌స్ట్రుక్ ఒక యుపాయము కనిపెట్టెను. రాగికి బదులుగ బ్యాంకు తన వాగ్దానమునే కాగితముపై వ్రాసి యిచ్చును. ఆ కాగితమును తెచ్చినవా డెవడైనను అందు వ్రాసిన సొమ్మును పొందుటకు హక్కుదారు డగును. 1661 జూలైలో ఈ విశ్వాసపత్రములు మొదట వెలువడెను. ఐరోపాఖండమున బ్యాంకు నోట్లనదగిన వానిలో నివియే మొదటివి.

చదువరులలో కొందరు మన దేశపు సాహుకార్ల హుండీలను తలచుకొని, ఇందులో క్రొత్త యేమని యడుగవచ్చును. హుండీ యొక వ్యవహారమునకై పుట్టును. ఇంత సొమ్ము, ఇన్నాళ్లకు, ఫలానివారికి అని యందుండును. చెల్లింపుతో దాని యాయువు తీరును. పాల్మ్‌స్ట్రుక్ నోటున సొమ్ము గుండు మొత్తముగ నుండెను. అది యేయొక్కరి నిలువకును సంబంధించినది గాదు. దానికి వడ్డీ లేదు, గడువు లేదు, చేతులు మారుటకు వెనుకవైపు చేవ్రాలు అక్కరలేదు. ఎవని చేతిలోనుండిన వానిదే. అనగా అది ఋణపత్రము వేషమును విడిచి నాణెము వేషమును ధరించెను.

ప్రపంచమునందెల్ల ఇదియే మొదటిదని మాత్రము మేము చెప్పజాలము. చీనా దేశమున సిచువాన్ రాష్ట్రమువారు బరువైన ఇనుప నాణెములతో వేగలేక, అంతకు ఆరువందల యేండ్లకు పూర్వమే కాగితపు ధనమును వాడిరి. 1024లో అచటి ప్రభుత్వమే దానిని వెలువరింపసాగెను. ఒకచోట ఇనుము, వేరొకచోట రాగి. రెండుచోట్లను మనుష్యుని భుజము నొప్పియే ఈ యుపాయమునకు తల్లి యయ్యెను.

నోట్లను జనులు సంతోషముతో గైకొనిరి. బండి మోయవలసిన సొమ్మును ఇప్పుడు రొండిని దోపుకొని పోవచ్చును. దూరదేశపు వర్తకుడు మొదలు ఊరి బేరగానివరకు రాగికంటె కాగితమునే మేలుగ నెంచిరి. బ్యాంకునకును ఇది గొప్ప సౌకర్యము. పూర్వము అప్పు ఇయ్యవలెనన్న పెట్టెలో రాగి యుండవలెను. ఇప్పుడు కాగితమును సిరాయు చాలును. అప్పుకోరి వచ్చినవారికి రాగికి మారుగ నోట్లే యిచ్చుచుండిరి. ఆ వచ్చినవారును సామాన్యులు గారు. ప్రభుత్వమును, రాజ్యమేలుచుండిన ప్రభువులును, గొప్ప వంశములవారును అందు చేరియుండిరి. అట్టివారు చేయిచాచినప్పుడు కాదనుట కష్టము. నోట్లను ముద్రించు చేయి ఆగలేదు. ఎన్ని ముద్రింపవలెనను హద్దును లేదు.

ఇచటనే పాల్మ్‌స్ట్రుక్ దారి తప్పెను. వాగ్దానము సులభముగ చేయవచ్చును; నెరవేర్చుటకు మాత్రము రాగియే కావలెను. నోట్లు పెరిగిన కొలది పెట్టెలోని రాగి పెరుగలేదు. 1663లో నోట్ల విలువ తగ్గజొచ్చెను. తమ చేతి కాగితమునకు నిజముగ రాగి వచ్చునా యని జనులలో అనుమానము పొడమెను. అనుమానము నిప్పురవ్వ వంటిది. ఒకడు తన నోటును మార్చుకొనబోయిన వార్త విని పదుగురు పోయిరి. పదుగురిని జూచి నూరుగురు పోయిరి. 1664 నాటికి బ్యాంకు తన వాగ్దానమును నిలుపుకొనలేకపోయెను. రాజప్రతినిధులు అప్పుడు మేల్కొని, ఇచ్చిన అప్పులను వసూలుచేసి నోట్లను వెనుకకు తీసికొనవలెనని తీర్మానించిరి. ఏండ్ల గడువున్నదని నమ్మిన ఋణస్థులు ఒక్కసారిగ సొమ్ము తెమ్మనినచో తేగలరా? చలామణిలోని ధనము తరిగెను. బ్యాంకు వాకిలి త్రొక్కని వారికిని ఈ ఇక్కట్టు తప్పలేదు.

ఆపద నుండి గట్టెక్కుటకు జరిగిన ప్రయత్నములలో 1666 నాటి నోట్లు తుదివి. పురావస్తు ప్రియులు నేడు కండ్ల కద్దుకొని దాచుకొను స్టాకుహోము బ్యాంకు నోట్లలో పెక్కు లీ సంవత్సరమునకు జెందినవే. అవి పది, ఇరువదియైదు, ఏబది, నూరు వెండి డాలర్ల విలువలతో వెలువడెను. చేతితో చేసిన దళసరి కాగితమును వెలుతురునకు ఎత్తిపట్టినచో లోపల నీటిగుర్తు కనబడును. ముద్రించిన వాక్యముల క్రింద ఎనిమిది మంది చేతులార వ్రాసిన చేవ్రాళ్లు గలవు. వానిలో పాల్మ్‌స్ట్రుక్ చేవ్రాలు నొకటి. మోసగాండ్రు దొంగ నోట్లను తయారుచేయకుండుటకై యిన్ని జాగ్రత్తలు పడిరి. నీటిగుర్తు, చేవ్రాలు, వరుస అంకె అనునవి నేటి మన నోట్లలోను చూడవచ్చును. కాని బ్యాంకునకు ముప్పు దొంగ నోట్లవలన రాలేదు. నిజమైన నోట్లవలననే వచ్చెను.

పిమ్మట విచారణ జరిగెను. లెక్కలు పరిశీలింపగా సొమ్ము తక్కువపడెను. చిట్టా ఆవర్జాలను అజాగ్రత్తగ నడిపెనని పాల్మ్‌స్ట్రుక్‌పై నేరము మోపబడి, 1668లో న్యాయస్థానము తీర్పు చెప్పెను. అనుజ్ఞాపత్రము పోయెను, కులీన పదవి పోయెను, దేశమునుండి వెడలగొట్టవలెననియు, లేనిచో మరణదండన మనియు శిక్ష విధింపబడెను. తరువాత దయదలచి ఆ శిక్షను తప్పించి చెరసాలయందుంచిరి. యౌవనమున ఆమ్‌స్టర్‌డాములో ఋణగ్రస్తుడై చెరబడిన మనుష్యుడు, వార్ధక్యమున స్టాకుహోములో మరల చెరబడెను. 1670లో విడుదలయ్యెనుగాని ఆరోగ్యమును ధనమును గౌరవమును మిగులలేదు. 1671 మార్చిలో, అరువది యేండ్లు నిండకమునుపే, ఇతడు లోకమును విడిచెను.

ఇతనిని మనమెట్లు ఎంచవలెను? కొందరు మోసగాడనిరి, మరికొందరు తన కాలమునకు ముందు పుట్టిన మేధావి యనిరి. మా యభిప్రాయమున ఈ రెండును పూర్తిగ సరిగావు. ఇతడు సొమ్మును మూటగట్టుకొని పారిపోయినవాడు గాడు. తీర్పునందలి ముఖ్యనేరము లెక్కల యజాగ్రత్త. కాని యజాగ్రత్త చిన్న దోషమని విద్యార్థులు తలపరాదు. తన సొమ్ముతో అజాగ్రత్తగ నుండువాడు తానే చెడును. ఇతరులు నమ్మి యప్పగించిన సొమ్ముతో అజాగ్రత్తగ నుండువాడు వారినందరిని చెరచును. ఇంకొక సంగతిని గూడ మరువరాదు. లాభములో పాలు కోరినవారును, అప్పులు పుచ్చుకొన్న ప్రభువులును ఆ చెరసాలలో లేరు. పదిమంది యెక్కి ముంచిన పడవకు సరంగొక్కడే శిక్షననుభవించెను. సరంగు దోషము నిజమే. ఎక్కినవారి దోషమును నిజమే.

పాల్మ్‌స్ట్రుక్ పడిపోయినను అతని బ్యాంకు భావము పడిపోలేదు. అదే 1668 సెప్టెంబరులో స్వీడను ప్రజాప్రతినిధి సభ క్రొత్త బ్యాంకును స్థాపించెను. రాజు చేతిలోగాని, ఒక్క వ్యక్తి చేతిలోగాని యుంచక, సభయే దానిని తన యధికారము క్రింద నుంచుకొనెను. ప్రభువులు, మతాచార్యులు, పట్టణవాసులు అను మూడు వర్గములవారు బాధ్యత వహించిరి. నాలుగవ వర్గమగు రైతులు దూరముగ నిలిచిరి. చేయి కాలినవారగుటచే, ఆ బ్యాంకు నోట్లు వెలువరింపరాదని మొదట నిషేధించిరి. 1701లో గాని మరల కొలదిగ చీట్లు ఇయ్యసాగలేదు. ఆ బ్యాంకే నేటి స్వీడను రిక్స్‌బ్యాంకు. ప్రపంచమున నేటికిని నిలిచియున్న కేంద్ర బ్యాంకులలో నిది యన్నిటికంటె పురాతనము. 1968లో తన మున్నూరవ వార్షికోత్సవ సందర్భమున ఆల్‌ఫ్రెడ్ నోబెల్ జ్ఞాపకార్థము అర్థశాస్త్రమున బహుమానమును నెలకొల్పినది ఈ బ్యాంకే. ఇక రాగి పలకలో, 1776లో చలామణినుండి తొలగిపోయెను.

నోటు అచట ఆగలేదు. 1694లో స్థాపింపబడిన ఇంగ్లండు బ్యాంకు దానిని చేపట్టెను. పదునెనిమిదవ శతాబ్దమున కలకత్తాలో హిందూస్థాన్ బ్యాంకు మొదలగునవి మన దేశమునకు దానిని తెచ్చెను. 1843లో ఏర్పడిన మద్రాసు బ్యాంకును తన నోట్లను వెలువరించెను. ఒక్కొక్క బ్యాంకు ఒక్కొక్క వాగ్దానము చేయుట అపాయకరమని యెంచి, పాల్మ్‌స్ట్రుక్ తొలి నోటుకు సరిగ రెండువందల యేండ్లకు, 1861లో చేసిన చట్టమువలన ప్రభుత్వము ఆ హక్కును తానే తీసికొనెను. ఆ తరువాతను కొంతకాలము నోటు చెల్లుబాటు మండలములకు కట్టువడియుండెను. ఒక మండలపు నోటు మరియొక మండలమున చట్టరీత్యా చెల్లదు. మన కోస్తా జిల్లాలు మద్రాసు మండలమున జేరియుండెను. హైదరాబాదు సంస్థానము 1918 చట్టము ననుసరించి తన సొంత నోట్లను వెలువరించెను. వానిపై తెలుగు అక్షరములును గలవు. 1935లో రిజర్వు బ్యాంకు ఏర్పడి దేశమున నోట్ల భారమును వహించెను. నేడు మన చేతిలోని పెద్ద నోట్లను చూచినచో, వ్రాసిన సొమ్మును తెచ్చినవానికి చెల్లింతునని బ్యాంకు గవర్నరు చేయు వాగ్దానము కనబడును. వాక్యము మారినను భావము 1661 నాటిదే.

నోటు పుట్టిన స్వీడను దేశముననే నేడు రొక్కపు వాడుక మిక్కిలి తగ్గిపోయినది. మన యూళ్లలోను కూరగాయల బండివాడు సైతము ఫోను ద్వారా సొమ్ము పుచ్చుకొనుచున్నాడు. రాగి కాగితమైనట్లే కాగితమిప్పుడు అంకెగ మారుచున్నది. బరువు తగ్గిన కొలది సౌకర్యము పెరుగుచున్నది. కాని సౌకర్యము పెరిగిన కొలది వాగ్దానము చేయువానిపై బాధ్యతయు పెరుగుచున్నదని పాల్మ్‌స్ట్రుక్ జీవితము బోధించుచున్నది. 20 కిలోల రాగి పలక ఎవరి మాటపైనను ఆధారపడలేదు. దాని విలువ దానిలోనే యుండెను. నోటు విలువ దానిని వ్రాసినవాని మాటలో గలదు. విద్యార్థులారా, రేపు మీలో కొందరు బ్యాంకులలో కూర్చుందురు, కొందరు సంఘముల లెక్కలు వ్రాయుదురు, కొందరు తోటివారి సొమ్మును చేతబట్టుదురు. అప్పుడు మీ చేవ్రాలు పడు ప్రతి కాగితమును ఒక చిన్న నోటే యని యెరిగి, అడిగిననాడు చెల్లింపగలిగినంతకే చేవ్రాలు చేయుదురని మేము నమ్ముచున్నాము.